తండ్రి జైల్లో ఉన్నా పిల్లల మెయింటెనెన్స్ ఆగదు

ప్రశ్న: నాకు ఇద్దరు పిల్లలు. పాపకు తొమ్మిదేళ్లు, బాబుకు ఆరు. పిల్లల కోసం నెలకు రూ.14 వేలు ఇవ్వాలని 2023లో ఫ్యామిలీ కోర్టు మా ఆయన్ని ఆదేశించింది. చీటింగ్ కేసులో మూడేళ్ల శిక్ష పడి ఆయన జైలుకెళ్లి తొమ్మిది నెలలైంది. అప్పట్నుంచి రూపాయి రాలేదు. ‘జైల్లో ఉన్నవాడు ఎక్కణ్నుంచి తెస్తాడు, బయటికొచ్చాక చూద్దాం’ అంటున్నారు అత్తింటివాళ్లు. ఖమ్మంలో ఆయన పేరిట ఉన్న షాపు అద్దె రూ.9 వేలు మా మరిది వసూలు చేసుకుంటున్నాడు. ఊళ్లో ఆయనకు రెండెకరాలు కూడా ఉంది. నా జీతం రూ.18 వేలు. ఏం చేయాలి?

జవాబు: జైలుకెళ్లినంత మాత్రాన కోర్టు ఆర్డరు ఆగిపోదు. నెల తిరిగేసరికి మరో రూ.14 వేలు బాకీలో చేరుతూనే ఉంటాయి. తగ్గించుకోవాలంటే ఆయనే బీఎన్‌ఎస్‌ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 146 కింద పిటిషన్ వేసి, పరిస్థితి మారిందని కోర్టుకు చూపించుకోవాలి. అలాంటిది వేశారేమో ముందు కనుక్కోండి. ఒకవేళ వేసినా, షాపు అద్దె వస్తున్నంత కాలం తనకు ఆదాయమే లేదని వాదించడం కష్టం.

‘బయటికొచ్చాక చూద్దాం’ అన్న మాటను మాత్రం నమ్మొద్దు. బకాయి పడ్డ తేదీ నుంచి ఏడాదిలోపు వసూలు పిటిషన్ వేయాలని చట్టంలోనే ఉంది. అది పాత సీఆర్‌పీసీ సెక్షన్ 125లోనూ ఉంది, ఇప్పటి బీఎన్‌ఎస్‌ఎస్ 144లోనూ ఉంది. లెక్క చూడండి. మూడేళ్లకు బాకీ రూ.5.04 లక్షలు. విడుదలయ్యేదాకా ఆగి అప్పుడు పిటిషన్ వేస్తే, ఈ సెక్షన్ కింద ధీమాగా అడగగలిగేది చివరి 12 నెలలది, అంటే రూ.1.68 లక్షలే. మిగతా రూ.3.36 లక్షలకు గడువు దాటిందని అవతలి లాయరు మొదటి రోజే అంటాడు. ఇప్పుడు వేస్తే తొమ్మిది నెలల రూ.1.26 లక్షలూ గడువులోనే ఉన్నాయి. ఆ తర్వాత కూడా ఏడాది నిండకముందే కొత్త బకాయికి మళ్లీ పిటిషన్ వేస్తూ ఉండాలి.

పిటిషన్‌లో ఏం అడుగుతున్నామన్నది ఇంకా ముఖ్యం. అలవాటుగా చాలామంది అరెస్టు వారెంటు అడుగుతారు. ఒక్కో నెల బకాయికి నెల వరకు జైలు వేయొచ్చు, నిజమే. కానీ ఇప్పటికే జైల్లో ఉన్న మనిషిని జైల్లో పెట్టమంటే మీ చేతికి వచ్చేదేముంది? (అలా జైల్లో కూర్చున్నా బాకీ తీరినట్టు కాదని సుప్రీంకోర్టు 1988లో కుల్దీప్ కౌర్ కేసులో తేల్చింది.) మీరు అడగాల్సింది ఆస్తి మీద వసూలు. మెయింటెనెన్స్ ఆర్డరును సివిల్ కోర్టు డబ్బు డిక్రీలా అమలు చేయించుకోవచ్చని 2020 నవంబరులో రజనేష్ వర్సెస్ నేహా తీర్పులో సుప్రీంకోర్టు చెప్పింది. దాన్నే ఆధారంగా చూపించండి.

మొదట షాపు అద్దె. అద్దెదారు ఆ డబ్బు కోర్టులో కట్టేలా గార్నిషీ నోటీసు ఇప్పించమనాలి. అందుకు అద్దెదారు పేరు, షాపు నంబరు, మీ ఆయన పేరున్న ఆస్తి పన్ను రసీదు, దొరికితే అగ్రిమెంటు నకలు కావాలి. నోటీసు అందాక కూడా మరిదికే కడితే మళ్లీ కట్టాల్సి రావచ్చని తెలిస్తే ఏ అద్దెదారూ ఆ సాహసం చేయడు. ఇదొక్కటి కుదిరితే నెలకు రూ.9 వేలు వస్తాయి, లోటు రూ.5 వేలకు దిగుతుంది.

తర్వాత భూమి. జైల్లో ఉన్నవాడు ఎలా అమ్ముతాడులే అనుకోకండి. ఖైదీ ఆఫీసుకు రానక్కర్లేదు. సబ్‌రిజిస్ట్రారే జైలుకు వెళ్లో, కమిషన్ పంపో వాంగ్మూలం తీసుకునే వీలు రిజిస్ట్రేషన్ చట్టంలో ఉంది. తమ్ముడి పేర జీపీఏ (తన తరఫున అమ్మే అధికారపత్రం) ఇచ్చినా పని జరిగిపోతుంది. అందుకే ఈ వారమే షాపుకు ఈసీ (ఆస్తి మీద జరిగిన అమ్మకాలు, తాకట్లు చూపే సర్టిఫికెట్) తీయించండి, భూమి వివరాలు తెలంగాణ భూరికార్డుల పోర్టల్ భూభారతిలో చూసుకోండి. రెండింటి మీదా జప్తు అడగండి. జప్తు అయ్యాక చేసిన అమ్మకం మీ బాకీ ముందు చెల్లదు. ఆర్డరు నకలు సబ్‌రిజిస్ట్రారు ఆఫీసుకూ తహసీల్దారు ఆఫీసుకూ చేరిందో లేదో మీరే వెళ్లి చూసుకోండి. చాలా కేసులు దెబ్బతినేది ఇక్కడే.

ఆయన పీఎఫ్, ఎల్‌ఐసీ డబ్బు మీద మాత్రం ఆశ పెట్టుకోకండి, అవి జప్తుకు రావు. అయితే పాలసీలో నామినీ మీరో పిల్లలో అయితే, ల్యాప్స్ కాకుండా ప్రీమియం మీరు కట్టడం మేలు. పాపకు సుకన్య ఖాతా ఉంటే ఏడాదికి రూ.250 అయినా వేయండి. లేకపోతే పదేళ్లు నిండేలోపే తెరవాలి.

కోర్టు నోటీసుకు ఇంటి అడ్రసు ఇవ్వొద్దు, తిరిగొస్తుంది, రెండు మూడు వాయిదాలు పోతాయి. జైలు సూపరింటెండెంట్ ద్వారా అందేలా, ఖైదీ నంబరుతో సహా ఇవ్వండి. లాయరు ఫీజు గురించి బెంగ వద్దు. మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయర్ని ఇస్తుంది. 15100కి ఫోన్ చేయండి.

బకాయి చేతికొచ్చేదాకా దాన్ని ఆదాయంలో కలుపుకోకండి, దాన్ని చూసుకుని పర్సనల్ లోన్ తీసుకోకండి. వచ్చాక ముందు ఏడాది స్కూలు ఫీజులు ఎఫ్‌డీలో పక్కన పెట్టండి. నోటీసు వెళ్లగానే మరిది రాజీకి రావచ్చు. రండి అనండి, కానీ అద్దె నేరుగా మీ ఖాతాలో పడేలా, ఆ మాట కోర్టులో రికార్డయ్యాకే ఒప్పుకోండి. పెద్దమనుషుల ముందు రాసిన కాగితం చూసి పిటిషన్ వెనక్కి తీసుకోకండి.