‘సర్దుకుపో’ అని మీరు కూడా అనకండి

ప్రశ్న: మా అబ్బాయికి 24 ఏళ్లు. చిన్నప్పుడే ఆటిజం అని తేలింది. బీటెక్ చేసి హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టర్‌గా చేరి పది నెలలైంది. పనికి వంక పెట్టరు. కానీ టీమ్‌లో ముగ్గురు వాడి మాటతీరును వాడి ముందే అనుకరిస్తారట. హెడ్‌ఫోన్లు దాచేస్తారట. మీటింగ్ గది మారితే వాడొక్కడికే చెప్పరట. మేనేజర్‌తో చెబితే ‘సరదాకి అన్నారు, సర్దుకుపో’ అన్నాడు. ఆదివారం సాయంత్రమైతే అన్నం ముట్టడం లేదు. మాన్పించి ఇంటికి తెచ్చేసుకోమంటారా?
– ఒక తల్లి, గుంటూరు

జవాబు: అమ్మా, ముందు ఆ ‘సర్దుకుపో’ అన్న మాట మీ ఇంట్లో వినపడనివ్వకండి. ఆఫీసులో ఉన్నంతసేపూ అతను చేస్తున్నది సర్దుకోవడమే. అందరూ ఒకేసారి మాట్లాడే హాల్లో కూర్చుని పని చేయాలంటే ఆ హెడ్‌ఫోన్లు అతనికి కళ్లజోడు లాంటివి. చూపు ఆనని మనిషి కళ్లజోడు దాచి నవ్వితే దాన్ని సరదా అంటామా?

ఇది సరదానా, ఏడిపించడమా అన్న అనుమానం మీ అబ్బాయికీ ఉండి ఉంటుంది. ‘అందరూ నవ్వారు కదా, స్నేహంగానే అన్నారేమో’ అని నన్ను అడిగిన పిల్లలు ఉన్నారు. వాళ్లకు నేను చెప్పేది ఒకటే: వద్దని ఒక్కసారి స్పష్టంగా చెప్పు. ‘నా హెడ్‌ఫోన్లు ముట్టుకోవద్దు. నా మాటను అనుకరించవద్దు.’ అంతే. ఆగితే సరదా. ఆగకపోతే వేధింపు.

ఆగకపోతే రాసిపెట్టాలి. ఇక్కడ మీ అబ్బాయి ఉద్యోగమే అతనికి అండ. టెస్టర్ బగ్ రిపోర్టు, అంటే సాఫ్ట్‌వేర్‌లో దొరికిన లోపం గురించిన నివేదిక, ఎలా రాస్తాడు? ఏం జరగాలి, ఏం జరిగింది, ఎప్పుడు, ఎక్కడ. ఇదీ అలాగే రాయమనండి: ‘12వ తేదీ బుధవారం, 11 గంటల మీటింగ్ మూడో అంతస్తు నుంచి ఐదుకి మారింది. నాకు మెసేజ్ రాలేదు. 11:20కి చేరాను. “దారి తప్పావా” అని ఇద్దరు నవ్వారు. అక్కడున్నవాళ్లు ఫలానా.’ ‘నన్ను ఎప్పుడూ ఏడిపిస్తారు’ అని రాస్తే హెచ్ఆర్ పక్కన పెట్టేయొచ్చు. ఇలాంటివి ఆరు ఉంటే పక్కన పెట్టడం కష్టం. ఏ రోజుది ఆ రోజే, సొంత నోట్‌బుక్‌లో రాయాలి. ఆఫీసు ఫైళ్లు సొంత మెయిల్‌కి పంపుకోవద్దు. అదే అతని తప్పుగా చూపిస్తారు.

తర్వాత మేనేజర్‌కీ హెచ్ఆర్‌కీ కలిపి ఒక మెయిల్. అది మీ అబ్బాయి పేరుతోనే వెళ్లాలి, మీరు ఫోన్ చేయకండి. జరిగినవి రాసి, కావలసినవి మూడు అడగాలి: మీటింగ్ మార్పులు రాతలో తెలపాలి, హెడ్‌ఫోన్లకు అనుమతి ఉందని టీమ్‌కు చెప్పాలి, సీటు మార్చాలి. ఇది దయ అడగడం కాదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఉంది. 20 మంది, అంతకు మించి ఉద్యోగులున్న ప్రైవేటు సంస్థ కూడా సమాన అవకాశాల విధానం ప్రకటించాలి, వికలాంగ ఉద్యోగుల విషయాలు చూసే లైజన్ ఆఫీసర్‌ను పెట్టాలి. ఆ విధానం కాపీ అడగమనండి. కంపెనీ కదలకపోతే రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు చేయవచ్చు. పదిమంది చూసే చోట వికలాంగుణ్ని కించపరచాలని కావాలని అవమానిస్తే అదే చట్టం 92వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా జైలుశిక్ష ఉంది. మొదటి మెయిల్‌లోనే అది ఎత్తకండి.

ఆటిజం సంగతి కంపెనీకి తెలుసా లేదా మీరు రాయలేదు. చెప్పాలా వద్దా అన్నది పూర్తిగా అతని ఇష్టం, ఒకసారి చెప్తే వెనక్కి తీసుకోలేం. నా మట్టుకు, ఇంతదాకా వచ్చాక హెచ్ఆర్‌కు రాతపూర్వకంగా చెప్పడమే మేలనిపిస్తుంది. యూడీఐడీ కార్డు (ప్రభుత్వం ఇచ్చే వికలాంగుల గుర్తింపు కార్డు) లేకపోతే ఇప్పుడే దరఖాస్తు చేయండి. వైకల్యం 40 శాతమైనా ఉండాలన్నది రిజర్వేషన్ల కోసం పెట్టిన గీత. ఆ గీత దాటనివారికీ తగిన సదుపాయాలు అడిగే హక్కు ఉందని 2021లో, సివిల్స్ రాసే ఒక అభ్యర్థికి లేఖకుణ్ని ఇవ్వాలన్న కేసులో, సుప్రీంకోర్టు చెప్పింది.

ఇక మాన్పించడం. తిండి మానేశాడంటే ముందు సెలవు పెట్టించి సైకియాట్రిస్టుకు చూపించండి. రాత్రివేళ కూడా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. మెయిల్ పెట్టిన నెల తర్వాత కూడా ఏమీ మారకపోతే టీమ్ మార్పు అడగాలి, పక్కన వేరే ఉద్యోగం వెతకాలి. ఆరోగ్యం మరీ దెబ్బతింటుంటే ఆగనక్కర్లేదు, కానీ రిలీవింగ్ లెటర్ తీసుకునే బయటికి రావాలి. మానాలా ఉండాలా అన్నది అతన్నే తేల్చుకోనివ్వండి.

ఈ ఆదివారం ‘ఆఫీసులో ఏం జరిగింది?’ అని అడగకండి. అంత పెద్ద ప్రశ్నకు ఎక్కడ మొదలుపెట్టాలో చాలామంది ఆటిజం పిల్లలకు తెలియదు. ‘శుక్రవారం నీ హెడ్‌ఫోన్లు ఎవరైనా తీశారా?’ అని అడిగి చూడండి.