డాలస్ కోకాకోలా నకిలీది కాదు

హైదరాబాదులో తాగిన కోకాకోలా రుచి డాలస్‌లో కొన్నదానికి లేదని, అది నకిలీ సరుకేమోనని అడిగారు. నకిలీ కాదు, తీపి కోసం వేసే పదార్థమే వేరు: మన దేశంలో పంచదార వేస్తారు, అమెరికాలో మాత్రం 1980ల నుంచి మొక్కజొన్న పిండితో తయారయ్యే, ఫ్రక్టోజు ఎక్కువగా ఉండే పాకం వాడుతున్నారు. మెక్సికో నుంచి వచ్చే గాజు సీసాను వెతకండి. వెనుక చీటీ మీద ‘కేన్ షుగర్’ అని ఉంటే అది చెరకు పంచదారదే. వసంతంలో యూదుల పాసోవర్ పండుగకు వచ్చే పసుపు మూత సీసాలలోనూ పంచదారే ఉంటుంది. అయితే పుల్లని పానీయంలో పంచదార కూడా నిలవ ఉన్నకొద్దీ గ్లూకోజు, ఫ్రక్టోజులుగా విడిపోతుంది కనుక, గడువు తేదీ దూరంగా ఉన్న సీసానే తీసుకోండి. పోల్చేటప్పుడు రెండింటినీ ఒకే చల్లదనంలో, ఐసు వేయకుండా తాగండి. చల్లదనం తగ్గితే తీపి ఎక్కువగా తెలుస్తుంది.