చలికాలం సాయంత్రం నలుగురిని ఇంటికి పిలిచేముందు

అమ్మలూ,

స్నేహితుల్ని ఇంటికి పిలిచి, వేడివేడిగా ఏదైనా తాగుతూ, నువ్వే చేసిన స్వీట్లు తింటూ కబుర్లు చెప్పుకోవాలని ఉందని రాశావు. చాలా సంతోషమేసింది. నువ్వు పంపిన లిస్టు కూడా చూశాను, ఐదు రకాల స్వీట్లు, నాలుగు రకాల డ్రింకులు. అందులో సగానికి పైగా కొట్టెయ్. అవన్నీ పెట్టుకుంటే ఆ సాయంత్రమంతా నువ్వు స్టవ్ దగ్గర, వాళ్లు హాల్లో. పిలిచిన మనిషి వంటింట్లో గరిటె తిప్పుతూ ఉంటే వచ్చినవాళ్లకు స్థిమితంగా కూర్చోబుద్ధి కాదు, "ఏమైనా సాయం చెయ్యమంటావా" అంటూ ఒక్కొక్కరే లేచి వస్తారు. వాళ్లు గుమ్మంలోకి వచ్చేసరికి నీ పని దాదాపు అయిపోయి ఉండాలి, నువ్వూ ఒక కప్పు పట్టుకుని వాళ్ల మధ్య కూర్చోవాలి. మిగతాదంతా దానికోసమే చెబుతున్నాను.

స్వీట్లు రెండు చాలు. ఒకటి నోట్లో కరిగేది, ఒకటి కరకరలాడేది. కరిగేదానికి చాక్లెట్ ఫడ్జ్ చెయ్యి, రెండు రోజుల ముందు చేసి గాలి చొరని డబ్బాలో పెట్టినా ఏమీ కాదు. అందులో కష్టమంతా పాకం దగ్గరే. 112 నుంచి 116 డిగ్రీల మధ్య దించాలి. థర్మామీటర్ ఉంటే ముందు దాన్ని మరిగే నీళ్లలో పెట్టి చూడు, అక్కడ 98 చూపిస్తే పాకం కూడా రెండు డిగ్రీలు ముందే దించాలని అర్థం. థర్మామీటర్ లేకపోతే చల్లటి నీళ్లలో ఒక చుక్క వేసి వేళ్లతో దగ్గరికి తియ్యి, మెత్తటి ఉండ కడితే చాలు, గట్టి ఉండ అయితే ముదిరినట్టే. దించాక అందరూ తొందరపడేది కలపడానికి. గిన్నె అడుగు గోరువెచ్చగా అయ్యేదాకా గరిటె ముట్టుకోకు, గిన్నె కదపనూ కదపకు. వేడి మీద కలిపితే చక్కెర పెద్ద పెద్ద పలుకులు కట్టి పంటికింద గరగరలాడుతుంది, చల్లారాక కలిపితే పలుకు సన్నగా వచ్చి నాలుక మీద వెన్నలా జారుతుంది. అప్పుడు మాత్రం చెయ్యి నొప్పెట్టేలా కలపాలి, మెరుపు తగ్గి చిక్కబడగానే ట్రేలో పోసెయ్.

కరకరలాడేదానికి వెన్న బిస్కెట్లు. పిండి ముందురోజే కలిపి, కర్రలా చుట్టి ఫ్రిజ్‌లో పెట్టు. వాళ్లు వచ్చే అరగంట ముందు చక్రాల్లా కోసి 180 డిగ్రీల వేడిలో 10, 12 నిమిషాలు ఉంచితే తలుపు తీయగానే ఇల్లంతా వెన్న వాసన. అంచులు రంగు తిరగగానే తీసెయ్, మధ్యలో ఇంకా మెత్తగా ఉందని కంగారుపడకు, చల్లారుతూ అవే గట్టిపడతాయి. బిస్కెట్లనీ ఫడ్జ్‌నీ ఒకే డబ్బాలో మాత్రం పెట్టకు, ఫడ్జ్‌లో తడి పీల్చుకుని బిస్కెట్లు మెత్తబడతాయి. పక్కన ఒక గిన్నెలో ఉప్పు చల్లి వేయించిన బాదం ఉంచు, తీపి తిన్న నోటికి అది కావాలనిపిస్తుంది. కానీ గింజలు పడనివాళ్లు ఎవరైనా ఉన్నారేమో పిలిచేటప్పుడే అడుగు, ఉంటే ఆ పూటకి గింజల ఊసే వద్దు.

తాగేవి కూడా రెండే. పాలతో ఒకటి, పాలు లేకుండా ఒకటి. పాలు లేనిదానికి ఆపిల్ జ్యూస్‌లో దాల్చినచెక్క, రెండు లవంగాలు, అల్లం ముక్క వేసి సన్నటి సెగ మీద వదిలెయ్. కెఫీన్ ఉండదు కాబట్టి రాత్రి నిద్ర పట్టదన్న టెన్షన్ ఎవరికీ ఉండదు. పాలతో అయితే కోకో. పొడిని నేరుగా వేడి పాలలో వేస్తే పైపొర తడిసి లోపల పొడిగానే ఉండిపోయి ఉండలు కడుతుంది. అందుకే కోకో, చక్కెర, చిటికెడు ఉప్పు ముందు కలిపి, కొద్దిగా వేడినీళ్లతో మెత్తటి పేస్టులా చేసుకుని, తర్వాత పాలు కొంచెం కొంచెంగా పొయ్యి. పక్కన స్వీట్లు ఉన్నాయి కదా, చక్కెర మామూలుకన్నా తగ్గించు, కోకో కాస్త చేదుగా ఉంటేనే ఫడ్జ్ రుచి తెలుస్తుంది. కోకో బదులు అల్లం టీ పెడితే అల్లం ముందు నీళ్లలో బాగా మరగనివ్వు, పచ్చి అల్లంలో ఉండే ఎంజైమ్ పాలను విరగ్గొడుతుంది.

కోకోని ఫ్లాస్కులో పోసి హాల్లోనే పెట్టెయ్, ఎవరికి కావలసింది వాళ్లు పోసుకుంటారు. ఫ్లాస్కులో ముందు మరిగే నీళ్లు పోసి కాసేపు ఉంచి పారబొయ్యి, లేకపోతే లోపలి చల్లదనమే కోకో వేడిని లాగేస్తుంది. కప్పుల సంగతీ అంతే. అలాగని పొగలు కక్కుతుండగా చేతికివ్వకు. 65 డిగ్రీలు దాటిన వేడితో తాగే అలవాటు బహుశా అన్నవాహిక క్యాన్సర్‌కు దారితీస్తుందని 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం చెప్పింది. నాలుగైదు నిమిషాలు ఆగితే పోయేదేమీ లేదు, రుచి కూడా అప్పుడే బాగా తెలుస్తుంది. పిల్లలు వస్తుంటే టేబుల్ మీద గుడ్డ పరవకు, వాళ్లు అంచు పట్టుకు లాగితే వేడి కప్పులన్నీ మీద పడతాయి.

గది గురించి ఒక్క మాట. ఊరికే కూర్చున్న మనిషి ఒంటి నుంచి కూడా సుమారు 100 వాట్ల వేడి వస్తుంది. పదిమంది చేరితే ఒక చిన్న హీటర్ పెట్టినట్టే. వాళ్లు వచ్చేముందే హీటర్ తగ్గించి, ఒక కిటికీ కొద్దిగా తెరిచి ఉంచు. ఎవరు సరదాపడినా బొగ్గుల కుంపటి లోపలికి మాత్రం రానివ్వకు. దాన్నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు, ప్రాణాలు తీస్తుంది. పెద్ద లైట్లు ఆపి పసుపు దీపాలు రెండు మూడు వెయ్యి. కుర్చీలు గోడలకు ఆనించకుండా దగ్గరగా లాగు, ప్రతి ఒక్కరికీ చెయ్యి చాచితే కప్పు పెట్టుకునే చోటు ఉండాలి. ఆరుగురు, ఎనిమిదిమంది అయితే అందరిదీ ఒకటే మాటగా సాగుతుంది, అంతకు మించితే గుంపులైపోతారు. నన్నడిగితే ఎనిమిది దాటొద్దు.

వాళ్లు వెళ్లాక ఆ రాత్రే గిన్నెలు తోమకు. పాల గిన్నెలో చల్లటి నీళ్లు పోసి ఉంచు, వేడినీళ్లు పోస్తే పాలు ఇంకా అంటుకుపోతాయి. ఫ్లాస్కులో మిగిలిన కోకో పొద్దున్నకి దాచొద్దు. ఫడ్జ్ ఒకసారి ఈ వారమే కొద్దిగా చేసి చూడు, పాకం దగ్గర అనుమానం వస్తే స్టవ్ ఆపి నాకు ఫోన్ చెయ్యి.

నీ పెద్దమ్మ