జేజి చేతుల మీద స్టిక్కర్ ఎందుకు అతికించావు?

అనంతపురం,
ఆదివారం ఉదయం

అమ్మాయీ,

నీ బొమ్మల పుస్తకం మంగళవారం కొరియర్‌లో చేరింది. ఆ రోజే జవాబు రాసి ఉంటే రెండు మాటల్లో అయిపోయేది. రంగులు బాగా కలుపుతున్నావు, అక్షరాలు అందంగా ఉన్నాయి, ఇలాగే కానివ్వు అని రాసి పంపేవాణ్ని. ముప్పై ఒకటో పేజీ చూశాక అలా రాయడానికి మనసొప్పలేదు.

ఆ పేజీలో మెక్సికో చిత్రకారిణి ఫ్రీడా కాలో స్టిక్కర్ అతికించావు. తలనిండా పూలు, కలిసిపోయిన కనుబొమలు, చుట్టూ బంగారు చుక్కలు. స్టిక్కర్ కింది మూల లేచి ఉంది. పేజీ తిప్పి చూస్తే వెనకవైపు నూనె మరక. నూనె ఉన్నచోట జిగురు పట్టదు. లేచిన మూల కింద ఒక పెన్సిల్ గీత కనిపించింది. ఇస్త్రీపెట్టె కొంచెం వెచ్చబెట్టి, మీద తెల్లకాగితం వేసి, మెల్లగా ఆనించి స్టిక్కర్ ఊడదీశాను. నిన్ను అడక్కుండా చేశాను, అది తప్పే. అయినా మళ్లీ అలాంటి పేజీ దొరికితే మళ్లీ అదే చేస్తాను.

కింద మీ జేజి చేతులున్నాయి, మీ నాయనమ్మవి. వేరుశనగ బుడ్డలు వలుస్తున్న చేతులు. చేట సగం దాకా వచ్చి ఆగిపోయింది. ఎడమ బొటనవేలు కుదరక మూడుసార్లు చెరిపి గీశావు, అక్కడ కాగితం పల్చబడింది. కుడిచేతి చూపుడువేలి గోరు ఒక పక్కకి తిరిగి ఉంది. ఆ గోరు ఊహించి గీసేది కాదు, చూస్తేనే గీయగలం. పక్కన "జేజి ఇంక చాల్లే అనింది" అని రాసి, అడ్డంగా కొట్టేశావు. బుడ్డల నూనె అంటిన నీ వేళ్ల గుర్తులు కూడా ఉన్నాయి. అంటే నువ్వూ కాసేపు వలిచి, ఆ చేత్తోనే పెన్సిల్ పట్టుకున్నావు.

నలభై రెండు పేజీల్లో నువ్వు ఉన్నది ఆ ఒక్క పేజీలోనే. దాన్నే కప్పేశావు.

ఫ్రీడా కాలో డైరీ ఎలాంటిదో నీకు ఎవరైనా చెప్పారా? 1940ల మధ్యలో మొదలుపెట్టి 1954లో చనిపోయేదాకా రాసుకుంది, గీసుకుంది. ఇంకు ఒలికితే పేజీ చింపలేదు. ఆ మరకకే కళ్లూ కాళ్లూ పెట్టి ఒక ప్రాణిని చేసింది. 1953లో ఆమె కుడికాలు మోకాలి కింద తీసేశారు. తెగిన పాదాలను కూడా ఆ డైరీలో గీసుకుంది. అది అచ్చయి లోకానికి కనిపించింది 1995లో, ఆమె పోయిన నలభై ఏళ్లకు. తన ఒంటి నొప్పిని అంత నిజంగా గీసుకున్న మనిషి మొహం తెచ్చి, మీ జేజి చేతుల్ని దాచడానికి వాడుకున్నావు. ఐదు రోజులుగా నన్ను బాధపెడుతున్నది ఇదే.

మిగతా పేజీల గురించి పెద్దగా చెప్పను. ఎర్రబడిన మేపుల్ ఆకులు నాలుగు పేజీల్లో ఉన్నాయి. నువ్వు కడపలో ఉంటావు, మీ ఊరు పులివెందుల దగ్గర. మేపుల్ చెట్టు ఎక్కడ చూశావమ్మా? మన దగ్గరా ఆకు రాలుతుంది. మాఘం చివర, ఫాల్గుణంలో వేపచెట్టు కింద నిలబడి చూడు. పసుపు, ఇటుకరంగు, మధ్యలో ఇంకా పచ్చ మిగిలిన ఆకులు. కసువు ఊడ్చిన పది నిమిషాలకే వాకిలి మళ్లీ నిండిపోతుంది. ఉగాదికి అదే చెట్టు రాగిరంగు చిగురు తొడుగుతుంది. ఆ రంగు ఏ పెట్టెలోనూ దొరకదు, నువ్వే కలుపుకోవాలి. నీకు కలపడం వచ్చు.

ఈ విషయంలో నాకు కోపం ఎక్కువ, అది నీ మీద కాదు. 1988లో ఒక వారపత్రికకు కథ పంపాను. బొమ్మ కూడా నేనే గీసి పంపాను. మా ఊరి కథ. మట్టిమిద్దెలు, బండలు పేర్చిన గోడ, ఎండిన బావి, ఒక తుమ్మచెట్టు. సంపాదకుడు కథ ఉంచుకుని బొమ్మ తిప్పి పంపాడు. పల్లెటూరులా లేదట. పెంకుటిల్లు, కాలువ, రెండు కొబ్బరిచెట్లు పెట్టమన్నాడు. అప్పుడు నాకు డబ్బు అవసరం. పెట్టాను. పత్రిక వచ్చినరోజు మా నాయన ఆ బొమ్మ చాలాసేపు చూసి, "ఈ ఊరికి నీళ్లు యాడ్నించి వచ్చినాయిరా?" అని అడిగాడు. ఎగతాళి చేయలేదు. నిజంగానే అడిగాడు. నా దగ్గర జవాబు లేదు.

తర్వాత కాలం మారింది. కొబ్బరిచెట్ల స్థానంలో వేటకొడవళ్లు వచ్చాయి. సీమ కథ అనగానే మీసాలు, తెల్లచొక్కా, బాంబుపొగ గీయమనేవాళ్లు. అలాంటివి రెండు గీసి, ఇక పత్రికలకు బొమ్మలు మానేశాను. ఇప్పుడు మీ వయసువాళ్లకు ఏ సంపాదకుడూ ఏమీ చెప్పడం లేదు. అయినా అందరి పుస్తకాల్లో అదే లావెండర్ పూలు, అదే కాఫీ కప్పు, అదే లేతరంగు టేపు. ఎవరూ అడక్కుండానే కొబ్బరిచెట్టు పెట్టేస్తున్నారు.

లేపాక్షికి ఎప్పుడైనా వెళ్లావా? హిందూపురం నుంచి అరగంట ప్రయాణం. వీరభద్రస్వామి గుడి కప్పు మీద పదహారో శతాబ్దపు బొమ్మలున్నాయి. అందరూ వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి చూసి వచ్చేస్తారు. నువ్వు మెడ ఎత్తి గంటసేపు పైకి చూడు. పురాణకథలే గీశారు, కానీ ఆడవాళ్లకు కట్టింది వాళ్ల వీధిలో చూసిన చీరలు. ఆ గడులు, ఆ చారలు, ఆ అంచులు ఒకదానిలా ఒకటి ఉండవు. గుడి కట్టించిన విరూపణ్ణ పరివారం నెత్తిన పొడుగాటి కుళ్లాయిలున్నాయి. విజయనగరం రోజుల్లో మనుషులు ఏం కట్టుకున్నారో, జుట్టు ఎలా ముడిచారో ఈరోజు మనకు తెలుస్తున్నది ఆ పనివాళ్లు కళ్లముందున్నది గీయడం వల్లే. వాళ్ల పేర్లు మనకు తెలియవు. చీరలు తెలుసు.

రంగులు ఏ కంపెనీవి కొనాలని అడిగావు. నీ దగ్గరున్నవి చాలు. కానీ ఒక్కసారి మీ చేలో మట్టితో రంగు చేసి చూడు. దోసెడు ఎర్రమట్టి చెంబెడు నీళ్లలో కలుపు. ఇసుక అడుగుకు దిగగానే పైన ఎర్రనీళ్లు వేరే గిన్నెలోకి వంచు. రాత్రంతా కదపకుండా ఉంచితే మెత్తటి మడ్డి కిందికి దిగుతుంది. పై నీళ్లు పారబోసి, ఆ మడ్డి ఎండబెట్టి, తుమ్మబంక నానబెట్టిన నీళ్లతో బండ మీద నూరు. నూరడంలో తొందరపడితే కాగితం మీద గరగరలాడుతుంది. ఆ ఎరుపు ఇనుము వల్ల వచ్చేది కాబట్టి ఎండకు వెలవదు. నువ్వు వాడిన స్కెచ్ పెన్నుల గులాబీరంగు అప్పుడే వెలుస్తోంది, ఆరో పేజీ చూసుకో.

కాగితం గురించి కూడా ఒకమాట. మామూలు నోటుపుస్తకం కాగితం నీటిరంగుకు అలలు తేలుతుంది. రంగు పలచగా వేసేవాళ్లకు 200 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములో చెప్పే లెక్క) సరిపోతుంది, నీళ్లు ఎక్కువ వాడితే 300 కావాలి. యాక్రిలిక్ వేసిన పేజీలు మన ఎండాకాలంలో ఒకదానికొకటి అంటుకుంటాయి, మధ్యలో బటర్ పేపర్ పెట్టు. సెల్లోటేపు వాడకు, పదేళ్లకు పసుపుపచ్చ మరక వదిలి ఊడిపోతుంది. పులివెందుల బస్ టికెట్ అతికించావు కదా, దానిమీద అక్షరాలు వేడికి పుట్టినవి, వేడికే పోతాయి. ఇప్పటికే సగం కనిపించడం లేదు. ఎక్కిన ఊరు, దిగిన ఊరు, ఛార్జీ పక్కన పెన్నుతో రాసి ఉంచు.

ముప్పై రోజుల ఛాలెంజ్ మొదలుపెట్టి పదకొండో రోజు ఆపేశానని, అప్పటి నుంచి టెన్షన్‌గా ఉందని, రోజూ అరగంట దొరకడం లేదని రాశావు. అరగంట కోసం వెతకొద్దు. మనకు ఎదురుచూపులు చాలా ఉన్నాయి, అందులో గీయి.

నాకు అలవాటైంది కొళాయి దగ్గర. 1983లో ఈ ఊరికి వచ్చినప్పుడు మా వీధికి రెండు రోజులకోసారి నీళ్లు వచ్చేవి, ఏ వేళకు వస్తాయో తెలిసేది కాదు. మా అమ్మ, నేను వంతులవారీగా బిందెల దగ్గర కూర్చునేవాళ్లం. చేతిలో చిన్న లెక్కల పుస్తకం, ఒక పెన్ను. బిందెలు కదలవు కాబట్టి వాటితో మొదలుపెట్టాను. ఒకే వరస బిందెలు వందసార్లు గీసి ఉంటాను. నీళ్లు రాగానే పుస్తకం మూసేవాణ్ని. బొమ్మ ఎక్కడిదక్కడ ఆగిపోయేది. పూర్తి చేయాలన్న పట్టుదల ఉంటే నేను రెండో వారానికే మానేసేవాణ్ని. ఆగిపోవచ్చు అన్న ధైర్యమే నన్ను ఇన్నేళ్లు కూర్చోబెట్టింది.

నీకు కొళాయి లేకపోతే బస్సు ఉంది. కుక్కర్ మూడు విజిళ్లు ఉన్నాయి. కరెంటు పోయిన వేళ ఉంది. బ్యాగులో పట్టే పుస్తకం ఒక్కటి పెట్టుకో, ఈ పెద్దది ఇంట్లో ఉంచు. ఏమీ గీయని రోజున తేదీ వేసి "జ్వరం, గీయలేదు" అని రాస్తే చాలు, ఆ రోజు కూడా పుస్తకంలో ఉన్నట్టే. వేరేవాళ్లు పెట్టిన లెక్కలో పదకొండో రోజు ఆగిపోయినందుకు నువ్వు ఎవరికీ జవాబు చెప్పనక్కర్లేదు.

తేదీ అన్నాను కాబట్టి ఆ సంగతి కూడా చెప్తాను. నీ పుస్తకం మొత్తంలో ఒక్క తేదీ లేదు. చాలా కోపం వచ్చింది. జేజి ఆ బుడ్డలు ఎందుకు వలుస్తోంది? వానకు ముందు విత్తనానికా? మిషన్‌లో వేస్తే పప్పు మీద పొర చెదిరి మొలక పోతుందని విత్తనం బుడ్డలు చేత్తోనే వలుస్తారు కదా. లేక పంట వచ్చాక ఇంట్లోకి వలుస్తోందా? ఆ చేతుల్లో తొందర ఉందా, తీరిక ఉందా? తేదీ ఉంటే నాకు సగం కథ తెలిసేది.

నా అనుభవం చెప్తే నీకు అర్థమవుతుంది. మా అమ్మ 1996లో పోయింది. కర్మలన్నీ అయ్యాక ఆమె బొమ్మ గీద్దామని కూర్చున్నాను. మొహం వచ్చింది, చేతులు రాలేదు. ఏ వేలు వంకరో గుర్తులేదు. రోజూ ఆ చేత్తో సంగటిముద్ద పెట్టించుకుని తిన్నవాణ్ని. పాత పుస్తకాలన్నీ దించి వెతికాను. పదమూడేళ్ల పుస్తకాల్లో క్యాలెండర్ లక్ష్మీదేవులు, సినిమా తారలు, పొడుగుకళ్ల ఆడవాళ్లు ఎంతోమంది ఉన్నారు. అమ్మ ఒక్కచోట ఉంది. కొళాయి పక్కన మోకాలి మీద గడ్డం ఆనించి, వెనకనుంచి, సగం. కింద "నీళ్లొచ్చినాయి" అని నా రాత. తేదీ వేయలేదు. పక్కన ఇత్తడి బిందె ఉంది. దాన్ని 1989లో మా చెల్లెలి పెళ్లికి ఇచ్చేశాం, కాబట్టి అంతకు ముందుదే అని మాత్రం చెప్పగలను. ఆ బొమ్మలోనూ చేతులు కనిపించవు.

అందుకే ఇంత గట్టిగా రాస్తున్నాను. మీ జేజి ఉంది. చేతులు ఎదురుగా ఉన్నాయి.

ఉద్యోగం మానేసి దీన్నే పూర్తిగా చేయవచ్చా అని అడిగావు. నేను ముప్పై ఏళ్లు గుమాస్తాగా పనిచేస్తూనే గీశాను, అంతవరకే నాకు తెలుసు.

పుస్తకం రేపు పోస్ట్ చేస్తాను. స్టిక్కర్‌ను బటర్ పేపర్ మీద అంటించి లోపల పెట్టాను, నీ వస్తువు నీ దగ్గరే ఉండాలి. ముప్పై ఒకటో పేజీ మీద జిగురు ఇంకా కొంచెం ఉంది. పౌడర్ అద్దాను, అయినా పై పేజీకి అంటుకోకుండా చూసుకో. రబ్బరుతో రుద్దొద్దు, గోరు దగ్గర గీత చాలా పలచగా ఉంది. ఈసారి ఊరికి పోయినప్పుడు ఆ గోరు ఎప్పుడు, ఎలా అట్లా అయిందో జేజిని అడుగు. ఆమె ఎట్లా చెప్తే అట్లాగే పక్కన రాయి, కొట్టెయ్యకు. తేదీ వెయ్యి. చేట మిగతా సగం గీయాలో వద్దో అక్కడ కూర్చున్నాక నీకే తెలుస్తుంది.

ఆశీస్సులతో,
అనంతపురం సారు