పదానికి రూపాయిన్నర సరే, గంటకు ఎంత పడుతోంది?

ప్రశ్న: మాది హనుమకొండ. నాకు 34 ఏళ్ళు. ఆరేళ్ళుగా ఇంటి నుంచే ఫ్రీలాన్స్‌గా ఇంగ్లిష్ నుంచి తెలుగులోకి అనువాదాలు చేస్తున్నాను. యాప్‌లు, సబ్‌టైటిల్స్, స్కూలు పుస్తకాలు, మెడికల్ కాగితాలు, ఏది వస్తే అది. నిరుడు మొత్తం 5,16,000 వచ్చింది. మావారు ప్రైవేటు కాలేజీలో లెక్చరర్, మాకు ఒక పాప. ఇంటి ఖర్చులో నా వాటా నెలకు 28,000. బ్యాంకులో 70,000 ఉంది. ఇన్‌కమ్ టాక్స్ రిటర్ను ఇంకా వేయలేదు. యాప్‌ల పనికి పదానికి 40 పైసలే వస్తోంది, మెడికల్‌కు రూపాయిన్నర ఇస్తున్నారు. అన్నీ మానేసి అదొక్కటే పట్టుకుందామనుకుంటున్నాను. గోల్డ్ లోన్ తీసుకునైనా 1,20,000 పెట్టి ఒక సర్టిఫికెట్ కోర్సు చేయమని స్నేహితురాలు అంటోంది. చేరమంటారా? నాకు ఇష్టమైన పని మాత్రం సబ్‌టైటిల్సే.

జవాబు: మెడికల్ వైపు వెళ్ళండి. బంగారం మాత్రం తాకట్టు పెట్టకండి, మిగతా పనులు ఒక్కసారిగా వదలకండి.

మీరు బిల్లులతో పాటు పని గంటలు రాసుకున్న డైరీ పేజీలు కూడా పంపారు. ఈ జవాబుకు ఆధారం అవే. యాప్‌ల పనిలో, అంటే మెషీన్ చేసిన అనువాదాన్ని సరిదిద్దే పనిలో, 1,050 గంటలకు 2,10,000 వచ్చింది. గంటకు 200. సబ్‌టైటిల్స్‌కు 640 గంటలు పెడితే 96,000 వచ్చింది, గంటకు 150. స్కూలు పుస్తకాలకు 350 గంటల్లో 84,000, గంటకు 240. మెడికల్‌కు 315 గంటల్లో 1,26,000, గంటకు 400. యాప్‌ల కంటే మెడికల్ రేటు దాదాపు నాలుగింతలని మీరు అనుకున్నారు. గంటల్లో చూస్తే సరిగ్గా రెండింతలు.

తేడా ఎక్కడ వచ్చిందో మీ బిల్లుల్లోనే ఉంది. క్లినికల్ ట్రయల్, అంటే కొత్త మందులను మనుషుల మీద పరీక్షించి చూడటం. అందులో చేరేవాళ్ళు సంతకం చేసే సమ్మతి పత్రాల్లో ఒకే పేరా పదే పదే వస్తుంది. ఏజెన్సీ సాఫ్ట్‌వేర్ వాటిని రిపిటిషన్‌గా లెక్కగట్టి ఆ పదాలకు బాగా తక్కువ ఇస్తుంది. అందుకే రూపాయిన్నర అన్నది సగటున రూపాయి దగ్గర తేలింది. కొత్త పని ఒప్పుకునే ముందు రిపిటిషన్లకు ఎంత ఇస్తారో మెయిల్‌లో రాయించుకోండి.

ఆ రూపాయి లెక్కన చూసినా ఇది మంచి పనే. 2019 నాటి న్యూ డ్రగ్స్ అండ్ క్లినికల్ ట్రయల్స్ రూల్స్ ప్రకారం, ట్రయల్‌లో చేరే మనిషికి అర్థమయ్యే భాషలో వివరాలు చెప్పి సమ్మతి తీసుకోవాలి. కాబట్టి ఇక్కడ ట్రయల్ జరిగితే తెలుగు పత్రం కావాలి, ట్రయల్‌లో చేరేవాళ్ళకు అన్యాయం జరగకుండా చూసే ఎథిక్స్ కమిటీ దాన్ని చూడాలి. తెలుగు సరిగా వచ్చిందో లేదో తేల్చడానికి మరొకరితో తిరిగి ఇంగ్లిష్‌లోకి చేయించే బ్యాక్ ట్రాన్స్‌లేషన్ కూడా ఉంటుంది. మెషీన్ ఇక్కడికీ వస్తోంది, రేటు ఎప్పటికీ తగ్గదని నేను చెప్పలేను. కానీ తప్పు పడితే ఒక మనిషి ఆరోగ్యం దెబ్బతినే చోట, బాధ్యత తీసుకుని చదివే మనిషి అవసరం త్వరగా పోదు. మా నాన్నగారి చేత ఒక ఆసుపత్రిలో ఆపరేషన్‌కు ముందు ఇంగ్లిష్ కాగితం మీద సంతకం పెట్టించారు. అందులో ఏముందో ఆయనకు ఒక్క ముక్క తెలియదు. మీరు చేసే పని విలువ నాకు ఆ రోజు నుంచీ తెలుసు.

ఇక అసలు ఇబ్బంది. మెడికల్‌లో వచ్చిన 1,26,000లో ఒక్క బిల్లు తప్ప అన్నీ ఒకే బెంగళూరు ఏజెన్సీవి. దీన్ని స్పెషాలిటీ అనలేం, ఒక్క కస్టమర్ దయ అనాలి. వాళ్ళు రేపు మరొకరిని పెట్టుకుంటే మీ పని మొత్తం ఆగిపోతుంది. పైగా డబ్బు 60 రోజులకు గానీ ఇవ్వడం లేదు. మిగతావన్నీ మానేస్తే రెండు నెలలు ఇల్లు గడిచేది ఆ 70,000తోనే. అందుకే ముందు ఇంకో ఇద్దరు కస్టమర్లు, ఆ తర్వాతే మానేయడం.

వాళ్ళను ఎక్కడ వెతకాలి? క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ ఆఫ్ ఇండియా వెబ్‌సైట్‌ను ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. 2009 జూన్ 15 నుంచి మన దేశంలో ట్రయల్ మొదలుపెట్టే ముందు అందులో నమోదు చేయడం తప్పనిసరి. ఏ జబ్బు మీద, ఏ ఊళ్ళో, ఎవరు చేయిస్తున్నారో అందులో ఉంటుంది. రోజుకు అరగంట చొప్పున నెల రోజులు చూడండి. హైదరాబాద్, విశాఖ, విజయవాడ, గుంటూరులలో జరిగేవి రాసుకోండి. ఒక జబ్బు ఎక్కువగా కనిపిస్తే, షుగరో క్యాన్సరో, ముందు దాని పదజాలం మీద పట్టు తెచ్చుకోండి. కోర్సు మీకు ఇచ్చేది సర్టిఫికెట్. కస్టమర్ అడిగేది శాంపిల్. 1,20,000 అంటే గంటకు 400 చొప్పున 300 గంటల కష్టం, నిరుడు మీరు చేసిన మెడికల్ పని దాదాపు మొత్తం. అంత పెట్టేంత అవసరం ఇప్పుడు లేదు.

ఆలస్యం విషయానికి వస్తే, చిన్న వ్యాపారాలను ప్రభుత్వం దగ్గర నమోదు చేసే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం, ఈ వారమే చేసుకోండి. చిన్న సంస్థల కోసం చేసిన ఎమ్‌ఎస్‌ఎమ్‌ఈడీ చట్టం ప్రకారం, రిజిస్టరైన చిన్న సంస్థలకు కొనుగోలుదారు 45 రోజులు దాటించకూడదు, ఒప్పందంలో 60 అని రాసుకున్నా సరే. దాటితే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల వడ్డీ కట్టాలి. మొదటి మెయిల్‌లోనే వడ్డీ ఊసు ఎత్తకండి. ఉద్యమ్ నంబరు బిల్లు మీద వేసి, 45 రోజుల్లో ఇప్పించమని మర్యాదగా అడగండి.

మీ బిల్లుల్లో మరొకటి కనిపించింది. యాప్‌ల ఏజెన్సీ, మెడికల్ ఏజెన్సీ 10 శాతం టీడీఎస్, అంటే మీకు డబ్బు ఇచ్చే ముందే మినహాయించే ఆదాయపన్ను, పట్టుకుంటున్నాయి. రెండూ కలిపి సుమారు 33,600. మీ ఆదాయానికి కొత్త పన్ను విధానంలో కట్టాల్సింది ఏమీ లేదు. రిటర్ను వేయలేదని రాశారు. గడువు దాటకముందే వేస్తే ఆ డబ్బు మీకు తిరిగి వస్తుంది. ఆరు నెలల ఖర్చు చేతిలో ఉండాలంటే 1,68,000 కావాలి. 70,000కు ఈ రీఫండ్ కలిపితే 1,03,600. మిగిలిన 64,400ను నెలకు 8,000 చొప్పున పక్కన పెడితే ఎనిమిది, తొమ్మిది నెలల్లో నిండుతుంది. ఇది నిండేదాకా కొత్త సిప్‌లు, చిట్టీలు వద్దు.

ఈలోగా తగ్గించాల్సింది సబ్‌టైటిల్స్. ఇష్టమైన పనిని తగ్గించమనడం నాకూ కష్టంగానే ఉంది. పూర్తిగా వదలకండి, నచ్చినవి నెలకు ఒకటి చేసుకోండి. మిగిలిన గంటల్లో ఏడాదికి 300 గంటలు మెడికల్‌కు మారితే, గంటకు 250 తేడా చొప్పున 75,000 పెరుగుతుంది. యాప్‌ల పనిని మాత్రం రెండో మెడికల్ కస్టమర్ మూడు నెలలు వరసగా పని ఇచ్చాకే తగ్గించండి. స్కూలు పుస్తకాల పబ్లిషర్‌ను వదలొద్దు. రేటు మధ్యస్తమే అయినా, పన్నెండు నెలల్లో ఒక్కసారి కూడా ఆలస్యం చేయకుండా డబ్బు వేసింది ఆయన ఒక్కరే.