గేటు దాకా వెళ్లి రెండుసార్లు వెనక్కి వచ్చిన తమ్ముడికి

ఈ తమ్ముడు రాసిన ఉత్తరం పెద్దది. ఎవరో తెలిసిపోయే వివరాలు తీసేసి, ముఖ్యమైన మాటలు మాత్రం ఇక్కడ పెడుతున్నాను.

"అక్కా, నాకు 28 ఏళ్లు. మాది దేవరకొండ వైపు ఒక పల్లె. బీకాం అయిపోయాక 2021లో హైదరాబాద్ వచ్చి అశోక్‌నగర్‌లో గ్రూప్స్ కోచింగ్‌లో చేరా. అప్పటినుంచి చిక్కడపల్లి లైబ్రరీ, రూము, మెస్సు, ఇదే నా లోకం. గ్రూప్-1 ప్రిలిమ్స్ రెండుసార్లు రాస్తే రెండుసార్లూ రద్దయింది, ఆ తర్వాత రాసినవాటిలో రాలేదు. ఆరు నెలలుగా పుస్తకం ముట్టలేదు, ఇంట్లో మాత్రం చదువుతున్నాననే చెప్తున్నా. నాయిన ఇప్పటికీ నెలకు ఏడు వేలు పంపుతున్నడు. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ పని నేర్చుకుందామని మల్లేపల్లి రెండుసార్లు పోయా. గేటు బయట టీ తాగి వచ్చేశా. లోపలంతా పదహారేళ్ల పిల్లలు. నాకు లెక్కలంటే భయం. చిన్నప్పుడు మా బాబాయి బోరు మోటారు స్టార్టర్ దగ్గర షాక్ కొట్టి పడిపోవడం కళ్లారా చూశా, కరెంటంటే ఇప్పటికీ వణుకే. మా మేనత్తేమో డిగ్రీ చదివినోడు వైర్లు గుంజుతడా అంటది. రాత్రి మూడింటికి మెలకువ వస్తే ఇంక నిద్ర పట్టదు. నేను పిరికోణ్ణా అక్కా?"

తమ్ముడూ, పిరికివాడు రెండోసారి వెళ్లడు. మొదటిసారి వెనక్కి వచ్చాక, ఆ రాత్రి నిన్ను నువ్వు ఎన్ని తిట్టుకున్నావో గానీ, మళ్లీ ఇంకో రోజు స్నానం చేసి, చొక్కా వేసుకుని, బస్సెక్కి అదే గేటు దగ్గరికి వెళ్లావు. నీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే నచ్చిన మాట అదే.

నాలుగైదు రకాల భయాలను నువ్వు ఒకే మూటగా కట్టి నెత్తిన పెట్టుకున్నావు, అందుకే బరువు. అవన్నీ ఒక్కటి కావు. కొన్ని వివరం తెలిస్తే పోతాయి, ఒకటి పోకూడదు, ఇంకొకటి అసలు భయమే కాదు.

పోకూడనిది కరెంటు భయం. ముందు దాని సంగతే మాట్లాడతాను, ఎందుకంటే మిగతావి మనసుకు సంబంధించినవి, ఇది ప్రాణానికి సంబంధించింది. ఎవరైనా "ఏం కాదులేరా" అని భుజం తడితే నమ్మకు. బాబాయికి ఆ రోజు సరిగ్గా ఏం జరిగిందో నువ్వు రాయలేదు గానీ, పొలాల దగ్గర మామూలుగా జరిగేది ఇది. స్టార్టర్ ఇనుప పెట్టె, లోపల ఎక్కడో వైరు తొడుగు ఊడి పెట్టెకు తగులుతుంది, పెట్టె మొత్తానికి కరెంటు వస్తుంది. ఎర్తింగ్ సరిగ్గా ఉంటే ఆ కరెంటు భూమిలోకి పోయి ఫ్యూజు కొట్టేస్తుంది. ఎర్తింగ్ లేకపోతే అది దారి కోసం చూస్తుంది, అప్పుడే తడి నేల మీద వట్టి కాళ్లతో వచ్చిన మనిషి ఆ పెట్టె మీద చెయ్యి వేస్తాడు. మన ఇళ్లలో 230 వోల్టులైతే మోటారుకు వచ్చే త్రీ ఫేజ్‌లో ఫేజుకూ ఫేజుకూ మధ్య 415. అంటే ఇలాంటి చోట మనిషి పడిపోతే అది తలరాత కాదు. ఒక ఎర్త్ వైరు, ఒక జత చెప్పులు లేకపోవడం.

ఎలక్ట్రీషియన్ ట్రేడ్‌లో చేరగానే ఎవరూ నీ చేతిలో కరెంటు ఉన్న తీగ పెట్టరు. మొదటి పాఠాలన్నీ జాగ్రత్తల మీదే: మెయిన్ ఎలా ఆపాలి, షాక్ కొట్టినవాణ్ణి మనం తగలకుండా ఎలా విడిపించాలి, ఊపిరి ఆడకపోతే ఏం చేయాలి. ఆ రోజు బాబాయి పడిపోతే నువ్వు నిలబడి చూడటం తప్ప ఏమీ చేయలేకపోయావు, చిన్నపిల్లాడివి. ఆ చేయలేకపోయిన పనిని అక్కడ మొదట్లోనే నేర్పుతారని తెలిస్తే నీకు ఎలా ఉంటుందో కాసేపు ఆలోచించు.

ఆ తర్వాత వచ్చేది తీగల పని, అదీ కరెంటు లేకుండా. తొడుగు తీసేటప్పుడు కత్తి నిటారుగా పెడితే లోపలి రాగికి గాటు పడుతుంది, ఆ గాటు దగ్గరే తర్వాత విరుగుతుంది, అందుకని పెన్సిల్ చెక్కినట్టు కత్తిని ఏటవాలుగా పట్టుకోమంటారు. రెండు తీగలు మెలేసి అతికే జాయింట్లకు పేర్లున్నాయి, ర్యాట్ టెయిల్, బ్రిటానియా అని, వేళ్లు నొప్పి పుట్టేదాకా అవే చేయిస్తారు. ఇంకో అలవాటు కూడా నేర్పుతారు. మెయిన్ ఆపాక కూడా టెస్టర్‌ను ముందు కరెంటు ఉన్న చోట పెట్టి అది పనిచేస్తోందని చూసుకోవాలి, అప్పుడు మనం పనిచేసే చోట పెట్టి చూడాలి, మళ్లీ కరెంటు ఉన్న చోట పెట్టి టెస్టర్ మధ్యలో చెడిపోలేదని తేల్చుకోవాలి. మూడుసార్లు. ఇంత ఓపిక భయం ఉన్నవాడికే ఉంటుంది. నీ వణుకు తగ్గుతుంది, జాగ్రత్త మాత్రం మిగలాలి, అది మిగిలినవాడినే నేను మా ఇంట్లో పనికి పిలుస్తాను.

లెక్కలా? గీజర్ మీద 2000 వాట్లు అని రాసి ఉంటుంది, దాన్ని 230తో భాగించు, సుమారు 8.7 ఆంపియర్లు వస్తుంది. అందుకే గీజర్‌ను 6 ఆంపియర్ల చిన్న ప్లగ్గులో పెట్టకూడదు, 16 ఆంపియర్ల సాకెట్ కావాలి. రోజూ వాడే లెక్క చాలావరకు ఈ తీరులోనే ఉంటుంది. నాలుగేళ్లు అర్థమెటిక్ బిట్లు చేసినవాడివి నువ్వు.

వయసు సంగతి. ఐటీఐకి కనీస వయసు 14 ఏళ్లు, పై పరిమితి లేదు. ఎలక్ట్రీషియన్‌కు పదో తరగతి అర్హత, సీట్లు పదో తరగతి మార్కుల మెరిట్ మీద ఇస్తారు, ఎంట్రన్సు లేదు. పిల్లలు నవ్వుతారని రాశావు. రెండు రోజులు చూస్తారు, మూడో రోజు నుంచి "అన్నా, రికార్డు రాశావా" అని అడుగుతారు. అయితే ఒక మాట ముందే చెప్పి ఉంచుతాను, క్లాసు కంటే మధ్యాహ్నం అన్నం తినే గంట కష్టం. 33 ఏళ్ల వయసులో కుట్టు ట్రేడ్‌లో చేరిన ఒకావిడ నాతో అన్నది, పది రోజులు డబ్బా పట్టుకుని మెట్ల మీద ఒక్కదాన్నే కూర్చున్నానమ్మా, ఏడుపొచ్చింది అని. పదకొండో రోజు తనే లేచి ఆ పిల్లల దగ్గరికి వెళ్లి పచ్చడి పెట్టింది. నువ్వు పది రోజులు ఆగకు, మొదటి రోజే వెళ్లి వాళ్ల పక్కన కూర్చో.

ఇప్పుడు అసలు సంగతి. ఉత్తరం రెండోసారి చదివినప్పుడు నాకు ఒకటి కనిపించింది. కరెంటు గురించి, పిల్లల గురించి, మేనత్త గురించి ఇన్ని వాక్యాలు రాసినవాడివి, నాయిన గురించి ఒక్క వాక్యమే రాశావు. నిన్ను గేటు దగ్గర ఆపుతున్నది ఆ ఒక్క వాక్యమే. ఐటీఐలో చేరితే ఆ నాలుగేళ్లు పోయాయని ఇంట్లో ఒప్పుకోవాలి, చేరకపోతే ఇంకా చదువుతున్నట్టే ఉండొచ్చు. దాన్ని నువ్వు భయం అంటున్నావు, నేను దుఃఖం అంటాను. పోయిన ఏళ్ల కోసం నువ్వింకా ఏడవలేదు. 2022 అక్టోబర్‌లో రాసిన పరీక్ష, మళ్లీ 2023 జూన్‌లో రాసిన అదే పరీక్ష, రెండూ రద్దు. అందులో నీ తప్పు లేదు, నీతోపాటు రాసిన లక్షల మంది పిల్లల తప్పూ లేదు. ఎవరైనా చనిపోతే పది రోజులు కూర్చుని ఏడ్చే జాతి మనది, ఇలాంటి వాటికి మాత్రం ఎవరూ మనల్ని ఏడవనివ్వరు, వెంటనే ఇంకో నోటిఫికేషన్ చూపిస్తారు.

చేతిపని అంటే చిన్నతనం అనే మాట నాకూ తెలుసు. మా నాన్న ఫిట్టర్, సనత్‌నగర్‌లో ఒక ఫ్యాక్టరీలో చేశారు. చొక్కా జేబులో సన్నని కొలతలు తీసే వెర్నియర్ కాలిపర్‌ను పాత బనియన్ గుడ్డలో చుట్టి పెట్టుకునేవారు, దాన్ని మమ్మల్ని ముట్టనిచ్చేవారు కాదు. స్కూల్లో తండ్రి వృత్తి అన్నచోట నేను ఫిట్టర్ అని రాయలేదు, ప్రైవేటు ఉద్యోగం అని రాశాను. ఆయన ఆ ఫారం చూశారు, ఏమీ అనలేదు, సంతకం పెట్టి ఇచ్చారు. ఆయన పోయి తొమ్మిదేళ్లయింది. ఆ సంతకం గుర్తొస్తే ఇప్పటికీ నాకు గొంతు పట్టేస్తుంది. అందుకే మీ మేనత్త మాట మీద నీ జీవితం నిలబెట్టవద్దని ఇంత గట్టిగా చెప్తున్నాను.

నాయినకు ఫోన్‌లో చెప్పకు. ఊరికి వెళ్లు. అందరూ ఉన్నప్పుడు కాదు, పొద్దున పొలానికి వెళ్లేటప్పుడు ఆయన వెంట నడువు, పక్కపక్కన నడుస్తుంటే ముఖం చూడక్కర్లేదు, మాట తేలిగ్గా వస్తుంది. ముందు నిజం చెప్పు: "నాయినా, ఆర్నెల్లసంది నేను చదువుతలేను. నీకు చెప్పనీకి ధైర్యం చాలలే." అక్కడ ఆగు, ఆయన్ని కోప్పడనీ, మౌనంగా ఉండనీ. సంజాయిషీలు ఇవ్వకు. తర్వాత చేతిలో ఉన్న సంగతి చెప్పు, ఎక్కడ, ఎన్నేళ్లు, ఎంత ఖర్చు, సాయంత్రాలు ఏ పని చేసి రూము కిరాయి నువ్వే కట్టుకుంటావు. ఏడు వేలు మూడు వేలకు తగ్గించమని నువ్వే అడుగు. రైతు మనిషికి నోటిఫికేషన్ అంటే అర్థం కాకపోవచ్చు, మోటారు బాగుచేయడం అంటే తెలియకుండా ఉండదు. ఆయన వెంటనే ఒప్పుకుంటారని నేను చెప్పలేను. కానీ నీ నిద్ర పాడవుతున్నది అబద్ధం వల్ల, అది ఆ రోజుతో తీరుతుంది.

నిద్ర సంగతి ఇంకో మాట. మూడింటికి మెలకువ వచ్చినప్పుడు బతకడం ఎందుకు అన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా సరే, నా జవాబు కోసం ఎదురుచూడకు, 14416కి ఫోన్ చెయ్యి. టెలీమానస్ అంటారు, ఉచితం, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు.

కోర్సు విషయంలో కొన్ని గట్టి నిజాలు. ఎలక్ట్రీషియన్ రెండేళ్లు. ప్రభుత్వ ఐటీఐలో ఫీజు పెద్ద బరువు కాదు, రెండేళ్లు సరైన సంపాదన లేకపోవడమే బరువు. మరీ కుదరదనుకుంటే మాదాపూర్ వైపు నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్ ఉంది, న్యాక్ అంటారు, 1998 నుంచి ఉంది, అక్కడ ఇళ్ల వైరింగ్, ప్లంబింగ్ లాంటివి కొన్ని నెలల్లో నేర్పుతారు. కానీ నా మాట అడిగితే రెండేళ్లదే మంచిది, ఆ సర్టిఫికెట్‌తో తర్వాత తలుపులు ఎక్కువ తెరుచుకుంటాయి. హాజరు అక్కర్లేదు, డబ్బు కడితే సర్టిఫికెట్ ఇప్పిస్తాం అనేవాళ్ల దగ్గరికి మాత్రం పోకు. కరెంటు దగ్గర తేడా వస్తే ఏమవుతుందో బాబాయి పడిపోయిన రోజున చూశావు.

సర్కారు ఉద్యోగం ఆశ పూర్తిగా వదులుకోవాలా అని కూడా అడిగావు. జూనియర్ లైన్‌మెన్‌కు, రైల్వే అసిస్టెంట్ లోకో పైలట్‌కు ఐటీఐ వాళ్లను కూడా తీసుకుంటారు. కానీ కోర్సు అయ్యేసరికి నీకు 30 దాటుతాయి, వయసు పరిమితి, సడలింపు నీ కేటగిరీకి ఎంతో ముందే చూసుకో. రైల్వే అప్రెంటిస్‌కు సాధారణంగా 24 ఏళ్లే పరిమితి, అది నీకు దాటిపోయింది, దాని మీద ఆశ పెట్టుకోవద్దు. లైన్‌మెన్‌కు స్తంభం ఎక్కే పరీక్ష కూడా ఉంటుంది. వస్తే మంచిదే, కానీ దానికోసమే చేరితే మళ్లీ లైబ్రరీ బెంచీ దగ్గరికే వస్తావు. జీడిమెట్ల, చర్లపల్లి, పటాన్‌చెరు ఫ్యాక్టరీల్లో, ఈ ఊళ్లో లేస్తున్న ప్రతి అపార్ట్‌మెంట్‌లో పని ఉంది, దానికోసం నేర్చుకో. మల్లేపల్లి ఐటీఐ కూడా పాత ఐటీఐలా లేదు. రాష్ట్రంలో 65 ప్రభుత్వ ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పనికి 2024 జూన్‌లో శంకుస్థాపన జరిగింది అక్కడే.

ఈ వారం చేరాలని పెట్టుకోకు. ముందు ఆదివారం మీ రూము దగ్గర పనిచేసే ఎలక్ట్రీషియన్ ఎవరినైనా అడిగి, ఒక రోజు సంచి పట్టుకుని వెంట తిరుగు. బోర్డు ముట్టకు, పైపులు అందించు, నిచ్చెన పట్టుకో, చూడు. సాయంత్రానికి నీకు కాళ్లు నొప్పులు పుట్టాక కూడా ఈ పని మీద ఇష్టం ఉందా లేదా తెలుస్తుంది. లేదనిపిస్తే అదీ మంచి కబురే, ఇంకో ట్రేడ్ చూద్దాం.

ఆ తర్వాత మూడోసారి మల్లేపల్లి. చేరడానికి కాదు, రెండు ప్రశ్నలు అడగడానికి: ఈ ఏడు అడ్మిషన్లు ఏ విడతలో ఉన్నాయి, డిగ్రీ చదివినవాడు పదో తరగతి మెమోతో పాటు ఏయే కాగితాలు తేవాలి. కాగితం మీద రాసుకుని జేబులో పెట్టుకో, నోట మాట రాకపోతే ఆ కాగితమే చూపించు. ఈసారి టీ వచ్చేటప్పుడు తాగు. వాళ్లు ఏం చెప్పారో నాకు రాయి, నాయిన దగ్గరికి వెళ్లేముందు ఒకసారి మాట్లాడుకుందాం.