మారా జేడ్ పెళ్లి నా నోట్‌బుక్‌లో ముందే అయిపోయింది

సినిమాల ఆధారంగా వచ్చే నవలలు, అభిమానులు రాసుకునే ఫ్యాన్ ఫిక్షన్ అసలు కథ కిందికి వస్తాయా, సినిమాలో కనిపించని జంట కోసం జనం ఎందుకంతగా కొట్టుకుంటారు అని అడిగారు. వస్తాయి. కొట్టుకోవాలి కూడా. నేను అమెరికా అంతరిక్ష యుద్ధాల సినిమాలు స్టార్ వార్స్ గురించే చెబుతాను. నేను రాత్రంతా మేలుకుని కొట్లాడింది దాని కోసమే.

2004లో నేను హైదరాబాద్‌లో ఇంజినీరింగ్ రెండో సంవత్సరం. ఆదివారం పొద్దున్నే నేనూ నా రూమ్మేటూ ఆబిడ్స్ వెళ్లేవాళ్లం. ఆ రోజు షాపుల షట్టర్లు దించి ఉంటాయి. వాటి ముందు ఫుట్‌పాత్ మీద పట్టాలు పరిచి పాత పుస్తకాలు కుప్పలు పోస్తారు. గైడ్లు, ఎంట్రన్స్ పుస్తకాలు పైన ఉంటాయి, నవలలు అడుగున. గొంతుక్కూర్చుని తవ్వుకోవాలి. అలా తవ్వుతుంటే టిమతీ జాన్ రాసిన స్టార్ వార్స్ నవల 'విజన్ ఆఫ్ ది ఫ్యూచర్' దొరికింది. లావు పేపర్‌బ్యాక్. వెనక అట్ట లేదు. చివర వంద పేజీల దాకా ఊడిపోయాయి. నలభై రూపాయలు చెప్పాడు, ఇరవైకి ఇచ్చాడు.

ఈ నవల దాకా వచ్చిన కథ కొంచెం చెప్పాలి. సినిమాల్లో మారా జేడ్ అన్న మనిషే లేదు. 1983లో మూడో సినిమాతో కథ ఆగిపోయింది. 1991లో టిమతీ జాన్ 'ఎయిర్ టు ది ఎంపైర్' అనే నవలతో దాన్ని మళ్లీ ఎత్తుకున్నాడు. అందులో వస్తుంది మారా. సినిమాల్లో చచ్చిపోయిన దుష్ట చక్రవర్తికి ఆమె రహస్య సేవకురాలు. ఎవరికీ తెలియకుండా అతని పనులు చక్కబెట్టేది. అతను పోతూ పోతూ సినిమాల హీరో ల్యూక్ స్కైవాకర్‌ను చంపమని ఆమె బుర్రలో ఒక ఆజ్ఞ వదిలిపోయాడు. అది ఏళ్ల తరబడి ఆమెను నిద్రపోనివ్వదు. అలాంటి మనిషి, చంపాల్సినవాడితో కలిసి అడవిలో నడవాల్సి వస్తుంది. 1993లో వచ్చిన మూడో నవలలో ఆ ఆజ్ఞ తీరే పద్ధతి నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరింపజేస్తుంది. ల్యూక్ చెయ్యి ఒకటి రెండో సినిమాలో తెగిపోయిందని చూసినవాళ్లకు తెలుసు. ఆ చేతి కణాలతో శత్రువులు అతని నకలు మనిషిని తయారుచేస్తారు. మారా ఆ నకలును చంపేస్తుంది. ఆజ్ఞ తీరిపోయింది, మనిషి మిగిలాడు. ఇంత చక్కటి ముడి వేసి, ఇంత చక్కగా విప్పిన కథను 'ఏదో సినిమా పేరు మీద అమ్ముకునే నవల' అని తీసిపారేసేవాళ్లంటే నాకు ఒళ్లు మండుతుంది. ఒక్కటీ చదవకుండానే అనేస్తారు.

నాకు దొరికిన చిరిగిన పుస్తకం 1998 నాటిది. ఆ కొట్లాటలన్నీ అయిపోయి కొన్నేళ్లు గడిచాక జరిగే కథ. ల్యూక్, మారా ఒక శత్రువుల కోటలో చిక్కుకుంటారు. అక్కడి అంతరిక్ష ఓడలు తమ వెంట పడకూడదని మారా తన సొంత ఓడను దూరం నుంచే నడిపి ఆ ఓడల శాలలోకి ఢీకొట్టిస్తుంది. ఆ ఓడ తప్ప ఆమెకు ఇల్లూ వాకిలీ లేవు. అది చదివాక నా గుండె పట్టేసినట్టయింది. ఇంకొంచెం చదివానో లేదో, పేజీలు అయిపోయాయి.

ఇద్దరూ ఏమయ్యారు? నెట్ సెంటర్‌కు వెళ్లి చూసుకోవచ్చు, గంటకు ఇరవై రూపాయలు. కానీ ఎవరో రెండు లైన్లలో రాసిపెట్టిన ముగింపు నాకు వద్దనిపించింది. ఆ సాయంత్రం నెట్‌వర్క్స్ నోట్‌బుక్ తిరగేసి, వెనక పేజీ నుంచి రాయడం మొదలుపెట్టాను. తెలుగులో.

అక్కడే అసలు చిక్కు వచ్చింది. ఇంగ్లీషులో 'యూ' అంటే సరిపోతుంది. తెలుగులో మారా ల్యూక్‌ను 'మీరు' అంటుందా, 'నువ్వు' అంటుందా? అతను జెడై గురువు, అంటే అతీత శక్తి ఉన్న యోధుల గురువు. పదిమందికి విద్య నేర్పుతున్నవాడు. మొదట 'మీరు' అని రాశాను. చదువుకుంటే మా పిన్ని మా బాబాయితో మాట్లాడినట్టుంది. కొట్టేశాను. మళ్లీ రాశాను, మళ్లీ కొట్టేశాను. ఒకప్పుడు గొంతు కోయడానికి వచ్చిన మనిషి మర్యాద బహువచనం ఎందుకు వాడుతుంది? నువ్వే. అది తేలిపోయాక మిగతా కథ దానంతటదే నడిచింది. 'నన్ను పెళ్లి చేసుకుంటావా' అని రాస్తే డబ్బింగ్ సినిమా మాటలా ఉంది. అది కూడా కొట్టేశాను. చివరికి మారా చేత ఇలా అనిపించాను: "నా ఓడ పోయింది. ఇక నీ ఓడలోనే వస్తాను. మధ్యలో దించమని అడగను." ముందు అడిగింది మారానే. ల్యూక్ జవాబు నేను రాయలేదు. అతను పక్క సీటు మీదున్న సామాను తీసి కింద పెట్టాడని మాత్రం రాశాను.

పదకొండు పేజీలు వచ్చింది. రూమ్మేట్ చదివింది. ఆమెది రాజమండ్రి. మనసులో ఉన్నది మొహం మీదే చెప్పే మనిషి.

"ఏమే, జెడైలు పెళ్లి చేసుకోకూడదని సినిమాలోనే చెప్పారు కదా" అంది.

నిజమే. 2002లో వచ్చిన సినిమాలో జెడైలకు మమకారాలు కూడదన్న నియమం పెట్టారు. 1998 నవల రాసేనాటికి ఆ నియమం తెర మీద లేదు. ఆమె వాదన ఏమిటంటే ల్యూక్ భీష్ముడి లాంటివాడు, వ్రతం నిలబెట్టుకోవాలి, పెళ్లి చేస్తే అతని ఎత్తు తగ్గిపోతుంది. నేను ఊరుకోలేదు. మమకారం వద్దన్న ఆ పాత గురువులు ఏమయ్యారే, అందరూ చచ్చారు కదా అన్నాను. ల్యూక్ గెలిచింది శత్రువుల పక్షాన చేరిన తండ్రి మీద మమకారం వదులుకోనందుకే కదా అన్నాను. ఆమె ఆ మాట ఒప్పుకుంది. ఒప్పుకుని కూడా, తండ్రి వేరు పెళ్లాం వేరు అంది. లైట్లు తీయమని వార్డెన్ రెండుసార్లు తలుపు కొట్టింది. తీసి చీకట్లో కూర్చుని కొట్లాడుకున్నాం. మారా 'నువ్వు' అనడం మాత్రం ఆమెకు నచ్చింది. ల్యూకే మారాను 'మీరు' అనాలట, వ్రతం ఉన్నవాడు కాబట్టి. తెల్లవారుజామున టిఫిన్ లైన్లో నిలబడి కూడా అదే గొడవ.

రాయని చోటును పూరించడం మనకు కొత్తేమీ కాదు. మా అమ్మమ్మ మినప్పప్పు రుబ్బుతూ ఊర్మిళాదేవి నిద్ర పాడేది. వాల్మీకి ఊర్మిళ గురించి చెప్పింది చాలా తక్కువ. పద్నాలుగేళ్లు ఆమె ఏం చేసిందో చెప్పలేదు. లక్ష్మణుడు తిరిగొచ్చాక ఇద్దరూ ఎలా కలుసుకున్నారో చెప్పలేదు. తెలుగు ఆడవాళ్లు చెప్పుకున్నారు. పద్నాలుగేళ్లు నిద్రపోయిన ఊర్మిళ, మంచం మీద కూర్చున్న మొగుణ్ణి గుర్తుపట్టక ఎవరయ్యా నువ్వు, మా వాళ్లకు తెలిస్తే నిన్ను బతకనిస్తారా అని నిలదీస్తుంది. ఆ పాట కట్టిన ఆడవాళ్లు ఎవరి అనుమతీ అడగలేదు. వాళ్లకు ఆ జంట కావాలి, కట్టుకున్నారు.

శశిరేఖ సంగతీ అంతే. వ్యాసుడి భారతంలో అభిమన్యుడి భార్య ఉత్తర. తిక్కన విరాటపర్వం చివర ఆ పెళ్లే చేశాడు. బలరాముడి కూతురు శశిరేఖ అందులో లేదు. కానీ ఏ తెలుగువాణ్ణయినా నిద్రలేపి అభిమన్యుడి జంట ఎవరని అడగండి. సురభి వాళ్లు తరతరాలుగా ఆ పెళ్లి స్టేజి మీద చేస్తూనే ఉన్నారు, 1957 సినిమా సంగతి చెప్పనక్కర్లేదు. అలాంటి మనం ఫ్యాన్ ఫిక్షన్ అనగానే 'పనీపాటా లేనివాళ్ల రాతలు' అంటామా? నాకు అర్థం కాదు.

అమెరికాలోనూ దీన్ని మోసింది ఎక్కువగా ఆడవాళ్లే. 1967లో స్టార్ ట్రెక్ అభిమానులైన ఇద్దరమ్మాయిలు సైక్లోస్టైల్ చేసి పంచిన పత్రిక నుంచి మొదలై, 2019లో సైన్స్ ఫిక్షన్‌కు ఇచ్చే హ్యూగో అవార్డు అందుకున్న ఫ్యాన్ ఫిక్షన్ వెబ్‌సైట్ ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్ దాకా వచ్చింది. మా చెల్లెలికి స్టార్ వార్స్ అక్కర్లేదు. 2011లో స్టార్ ప్లస్‌లో మొదలైన ఒక సీరియల్‌లోని అర్ణవ్, ఖుషీల జంట ఆమె ప్రాణం. 2012 చివర్లో సీరియల్ ఆగిపోయింది. అభిమానులు ఆగలేదు, ఏళ్ల తరబడి వందల కొద్దీ కథలు రాసుకున్నారు. చెల్లెలు ప్రసవానికి పుట్టింటికి వచ్చినప్పుడు అవే చదువుకుంది. ఇక్కడొక బాధ చెప్పాలి. ఆమె తెలుగులో రాసిన ఒక కథను ఎవరో ఎత్తుకుపోయి, పేర్లు మార్చి, ఇంకో చోట తమ పేరుతో పెట్టుకున్నారు. ఫ్యాన్ ఫిక్షనే కదా, అందులో సొంతం ఏముంది అని జవాబు. ఉంది. ఖుషీ ఏ కుర్చీలో కూర్చుందో, ఏ మాటకు లేచి వెళ్లిపోయిందో రాసింది మా చెల్లెలు. అది ఆమెదే.

మళ్లీ ల్యూక్, మారాల దగ్గరికి వస్తాను. ఇద్దరికీ పెళ్లయింది. 1999, 2000 మధ్య వచ్చిన కామిక్ పుస్తకాల్లో చేశారు. బెన్ అని కొడుకు పుట్టాడు. 2007లో 'శాక్రిఫైస్' అనే నవలలో మారాను చంపేశారు, అదీ ల్యూక్ సొంత మేనల్లుడి చేత, విషపు సూదితో. రాసినవాళ్లకు ఏం కారణాలున్నాయో వాళ్లవి వాళ్లకు ఉంటాయి. నేను మాత్రం క్షమించలేదు. భర్త ఏడవడానికీ, మేనల్లుడు చెడిపోయాడని చూపించడానికీ ఆమె ప్రాణం తీశారు. పదహారేళ్లు ఆమెను చదువుతూ పెరిగినవాళ్లకు అది సరిపోదు.

2014 ఏప్రిల్ 25న ఇంకో దెబ్బ. స్టార్ వార్స్ తీసే లూకాస్‌ఫిల్మ్ కంపెనీని డిస్నీ కొనుక్కున్న ఏడాదిన్నరకు, పాత నవలలన్నీ ఇకపై 'లెజెండ్స్' అని ప్రకటించారు. కొత్త సినిమాలకు వాటితో సంబంధం లేదన్నారు. పాత నవలల్లోని సేనాని త్రాన్‌ను మాత్రం 2016లో యానిమేషన్ సీరియల్‌లోకి తెచ్చుకున్నారు. త్రాన్ కావాల్సి వచ్చాడు, మారా కావాల్సి రాలేదు. ఆ రోజుల్లో చాలామంది నన్ను ఓదార్చారు, ఇప్పుడు అవి లెక్కలోకి రావు కదా అని. హక్కులున్నవాళ్లు కొత్త సినిమాలో ఏం ఉండాలో చెప్పగలరు. నేను చదివింది జరగలేదని చెప్పలేరు. వ్యాసుడు రాయలేదు కాబట్టి శశిరేఖ లేదని ఎవరైనా అంటే మనం ఒప్పుకుంటామా?

ఉద్యోగంలో చేరాక 2008లో బెంగళూరులో ఒక పాత పుస్తకాల షాపులో ఆ నవల పూర్తి కాపీ దొరికింది. షాపులోనే నిలబడి చివరి వంద పేజీలు చదివాను. ఆ కోటలో జరిగే పోరాటంలో ఇద్దరికీ ఒకరి మనసు ఒకరికి పూర్తిగా తెలిసిపోతుంది. అడిగేది ల్యూక్. మారా ఒప్పుకుంటుంది. బాగుంది, చాలా బాగుంది. అయినా మారానే ముందు అడగాలని నాకు ఇప్పటికీ గట్టి నమ్మకం. పోగొట్టుకున్నది ఆమె కాబట్టి అడిగే హక్కు ఆమెది.

ఆ రాత్రే రూమ్మేట్‌కు ఫోన్ చేశాను. అప్పటికి ఆమె అమెరికాలో ఉంది. చదివి వినిపించాను. కాసేపు మాట్లాడలేదు. "నీ నోట్‌బుక్‌లో సామాను తీసి కింద పెట్టాడు చూడు, అది ఇందులో లేదేంటే" అంది. ఆ తర్వాత, "అయినా వాడు పెళ్లి చేసుకోకూడదు" అంది. మళ్లీ గంటసేపు కొట్లాడుకున్నాం. ఐఎస్‌డీ కార్డు అయిపోయింది.

చదవాలనుకుంటే 1991 నుంచి 1993 దాకా వచ్చిన మూడు నవలలు వరసగా చదవండి. తర్వాత 1997, 1998లో వచ్చిన రెండూ. అక్కడ ఆపేయండి. 2007 నవల జోలికి పోవద్దు. నా దగ్గరుంది, రెండోసారి తెరవలేదు. ఆబిడ్స్‌లో కొన్న చిరిగిన కాపీ కూడా ఉంది. నోట్‌బుక్‌లోని పదకొండు పేజీలు చింపి దాని చివర పెట్టి సూదీ దారంతో కుట్టాను.